మైనపు చుక్క

జూలై 6, ఆదివారం

కాదు ప్రేమలా, బాల్ పెన్ను కనిపెట్టింది జపాన్ వాళ్లు కాదు.

ఇవాళ చర్చి కమిటీ ముందు నువ్వు అంత ధీమాగా అన్నావు గనక రాస్తున్నాను. హంగేరీ దేశంలో బీరో అనే పత్రికల మనిషి. అచ్చాఫీసు సిరా చప్పున ఆరిపోతోంది, తన ఫౌంటెన్ పెన్ను సిరా మాత్రం కాగితమంతా అలుక్కుపోతోంది అని విసిగిపోయాడు. ఆ చిక్కటి సిరా పాళీలోంచి దిగదు. అందుకని మొనకు చిన్న గుండు బిగించాడు. సిరా సంగతి ఆయన తోబుట్టువు చూసుకున్నాడు. ఒకరి పని ఒకరు లాక్కోని తోబుట్టువులు కూడా లోకంలో ఉంటారన్నమాట.

అంతకు యాభై ఏళ్ల ముందే అమెరికాలో ఒకాయన తోళ్ల మీద గుర్తులు పెట్టడానికి ఇలాంటిదే చేశాడు. కాగితం మీద పనికిరాలేదు. అంటే దాని పుట్టుక మన గాంధీ గంజ్ బజారులో కందుల బస్తా మీద గీసే పని కోసం. అలాంటి దానితో సంఘం రిజిస్టరు రాయిస్తున్నారు. నీ చేత.

ఇదంతా నీ ముఖం మీద చెప్పలేదు. వెనకింట్లో ఉండే తోడికోడలికి డైరీలో జవాబు రాసుకునే వయసు వచ్చింది నాకు. డెబ్భై నాలుగు.

జరిగింది జరిగినట్టు రాసిపెట్టుకోవడం మంచిది. తర్వాత నేనే మార్చి చెప్పుకుంటాను. సంసోను అయ్యగారు లేచి అన్నారు: "ఆఫీసు రూముల బీరువ మీద నీళ్లు కారినయి. పాత బాప్తిస్మ రిజిస్టర్ మొత్తం తడిసింది. ఆగస్టు ఆఖరి ఆదివారం మన నూరేండ్ల పండుగ. అంతలోపట కొత్త బుక్కులకు చేతితోని దింపాలె."

అందరూ నా వైపు చూశారు. చూడరా మరి? ముప్పై ఒక్క ఏళ్లు సరిహద్దు దాటి జహీరాబాదుకు బస్సులో పోయి వచ్చి తెలుగు చెప్పిన దాన్ని. ఆ రిజిస్టరులో ఎనిమిదేళ్ల పేజీలు నా చేతిరాతే. కళ్లజోడు తీసి తుడుచుకున్నాను, రెండోసారి అడిగితే ఒప్పుకుందామని కాదు, మసకగా ఉంది.

"అయితే బాల్ పెన్నుతోనే రాయాలె హేబ్సిబమ్మా. మల్ల నీళ్లు పడ్డా పోవద్దు."

"నేను బాల్ పెన్ను పట్టనండీ. నా క్లాసులో దానికి ప్రవేశం లేదు."

"అట్లనా? మరి ప్రేమలమ్మా, నువ్వు రాస్తవా?"

"రాస్త అయ్యగారు. బాల్ పెన్నుకేమైతది, జపానోళ్లు చేసిన సామాను."

అంతే. అయ్యగారు నన్ను రెండోసారి అడగలేదు.

జూలై 7

వర్షం. పెన్నులో సిరా నింపాను. రాయడానికి ఏమీ లేదు.

జూలై 11

లీయా నా మనవరాలు. రాసిపెడుతున్నాను, ఎందుకంటే ఈ వారంలో ఆ సంగతి ఎవరికీ గుర్తున్నట్టు లేదు. కాలేజీ నుంచి వచ్చి, పుస్తకాల సంచి నా మంచం మీద పడేసి, తిన్నగా నీ గుమ్మంలోకి పోతోంది. పాత పేర్లు అది చదవడం, నువ్వు రాయడం. నేను అడ్డం పడుకున్న సంచిని చూస్తూ కూర్చోవడం.

దానిది ఎడమచేతి వాటం. ఫౌంటెన్ పెన్నుతో రాస్తే చెయ్యి రాసిన దాని మీదే పాకి వాక్యమంతా అలికేస్తుంది. అది ఆరో తరగతిలో ఉన్నప్పుడు నేను "చెయ్యి మార్చు" అన్నాను. నువ్వు పెన్ను మార్చావు. అప్పట్నుంచి అది నీదే.

ఇవాళ అన్నం తింటూ నాకు పాఠం చెప్పింది.

"అవ్వా, ఈ పెన్ను ఆరు పలకలెందుకుంటదో ఎర్కేనా?"

"బల్ల మీంచి దొర్లకుండా."

"మూతకు చిల్లెందుకు?"

పప్పు కలుపుకున్నాను.

"పిల్లలు మింగితె గాలి ఆడనీకి! చిన్నవ్వ చెప్పింది. కొత్త రీఫిల్ మొన మీద మైనపు చుక్కుంటది చూడు, సిరా కారకుంట, అది నన్నే తియ్యమంటది చిన్నవ్వ. గీస్తె పోతది. ఫస్టు గీత నాదే."

"గీత నీకిచ్చి పుస్తకం తను ఉంచుకుంది."

"జెలసా అవ్వా?" అని నవ్వింది.

ఈర్ష్య అనే తెలుగు మాట ఉంది, అది వాడు అన్నాను. లేదు అని మాత్రం అనలేదు.

రాత్రి ఆ పెన్ను ఒకటి దాని సంచిలో ఉంటే తీసి చూశాను. ఇత్తడి మొన, దాని కొసన ఆవగింజలో పదోవంతు గుండు. అది ఊడి బయటికి రాదు, లోపలికీ పోదు. ఉన్నచోటే తిరుగుతూ ఊరంతా రాసేస్తుంది. ఎవరు గుర్తొచ్చారో చెప్పనక్కర్లేదు.

జూలై 15

మిరపకాయ బజ్జీలు ఎక్కువయ్యాయి. ఇంట్లో ఉన్నది నలుగురం, చేసింది పదిమందికి. అలా అయిపోయింది. పారేయడం ఎందుకని నీకు తెచ్చాను. రాత చూడ్డానికి కాదు.

నువ్వు చాప మీద కూర్చుని, ఒళ్లో చెక్క పెట్టుకుని ముందు రఫ్ కాగితాల మీద రాస్తున్నావు. ఎంత నొక్కి రాస్తావు! జనవాడ పోస్టాఫీసులో ముందు మీ నాన్న, తర్వాత నువ్వు, జీవితమంతా కార్బన్ కాగితాల మీద రాశారు. మూడో కాపీ దాకా దిగకపోతే మీ దృష్టిలో అది రాతే కాదు. ఇంకొకటి కూడా చూశాను. రాయడం ఆపినప్పుడల్లా పెన్నును చెక్క మీద కుడివైపుకే పెడతావు, కౌంటరుకు పెన్నును కట్టిన దారం అంతవరకే వస్తుందన్నట్టు. రిటైరై పదేళ్లయింది. దారం ఇంకా తెగలేదు.

కాగితం చేతిలోకి తీసుకున్నాను.

"ఇది తెలుగా, కన్నడమా?"

"సదివితె తెలుస్తది గదక్కా."

"తలకట్టు చూడు. తెలుగు తలకట్టు ఒడ్డున నిలబడ్డ కొంగలా ఉండాలి. నువ్వు పడుకోబెట్టి కొసకు కొక్కెం తగిలించావు. అది కన్నడ తలకట్టు."

"కన్నడ బడి సదువు, ఏం జెయ్యాలె? ఇంక నాలుగొందల పేర్లున్నయి. తల కట్టుకునే టైం ఏడిది నాకు?"

లీయా పడి పడి నవ్వింది. నా మాటలకు అట్లా నవ్వి ఎన్నాళ్లయింది?

ఎర్ర పెన్సిలు తీసి పదకొండు చోట్ల గుర్తు పెట్టాను. నువ్వు ఆ కాగితం పక్కన పెట్టి ఇంకొకటి తీసుకుని మొదటి నుంచి రాశావు. ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది.

బజ్జీలన్నీ అయిపోయాయి. సంతోషమే.

జూలై 16

పన్నెండో చోటు కూడా ఉంది. నిన్న వదిలేశాను.

జూలై 22

సాయంత్రం నువ్వు మా వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డావు. లోపలికి రమ్మన్నాను. రాలేదు.

"అక్కా, డెబ్బై నాలుగు సంది ఎనభై ఒకటి దాంక పేజీలు సదువొస్తలెవ్వు. అంత కలిసిపోయింది."

"ఎవరి రాత?"

"నీదే గదక్కా."

"నాది బ్లూ-బ్లాక్. నీళ్లకు చలించదు. ఎవరిదో చూసి నాదంటున్నావు."

"ఒక్కపారి వచ్చి చూడు."

"చూడనక్కర్లేదు. అప్పటి అయ్యగారు బ్లూ-బ్లాక్ వాడమన్నారు, నేను వాడాను. అందులో ఇనుము ఉంటుంది. ఏళ్లు గడిచే కొద్దీ ఇంకా నల్లబడుతుంది గాని పోదు. నీ కళ్లు చూపించుకో."

"సరె అక్కా," అని వెళ్లిపోయావు. నీకు కోపం రాదు, అదే నీ దగ్గర పెద్ద చిక్కు.

ఎనభై తర్వాత బాల్ పెన్నులు వచ్చాక ఊరంతా వాటితో గీకడం మొదలుపెట్టింది గాని, అంతకుముందు బ్యాంకుల్లో వాటి సంతకమే చెల్లేది కాదని నేను అయ్యగారికి గుర్తుచేయాలి. సిరా అంటే సిరానే.

జూలై 23

బ్లూ-బ్లాకే.

జూలై 27, ఆదివారం

ఆదివారం పాత రిజిస్టరు అక్కడికే తిరిగొస్తుంది గనక ఆరాధన అయ్యాక ఆఫీసు గదిలోకి వెళ్లాను. తాళంచెవి నీ దగ్గర ఉందని అయ్యగారు చెప్పారు, నిన్ను అడగడం ఇష్టం లేక ఆయన దగ్గర ఇంకో తాళంచెవి ఉందేమో వెతికించాను. ఉంది.

రిజిస్టరు ఎండబెట్టారు గనక పేజీలు అప్పడాల్లా వంకరపోయాయి. నా ఎనిమిదేళ్లు తెరిచాను. నీలిమందులో ముంచి తీసిన లుంగీల్లా ఉన్నాయి. అక్కడక్కడా ఒక గుడి, ఒక సున్న. మిగిలినదంతా లేత నీలం. అందమైన నీలం, నిజం చెప్పాలంటే.

రాయల్ బ్లూ.

అయ్యగారు బ్లూ-బ్లాక్ అన్నారు. కొన్నాను కూడా. రెండు పేర్లు రాసి చూస్తే మందుసీసా రంగులా అనిపించింది. రాయల్ బ్లూ సీసా కొన్నాను. నా అక్షరాలు నెమలి మెడలా కనిపించాయి. ఎప్పుడో ఎవరో పేజీ తిప్పి "ఎవరు రాశారమ్మా ఇంత చక్కగా" అని అడుగుతారని. అడిగారు కూడా. ఇద్దరు.

ఎనిమిదేళ్లలో పుట్టిన పిల్లలందరూ ఆ ఇద్దరి మెప్పు కోసం కరిగిపోయారు. ఇప్పుడు వాళ్ల పేర్లు మీరు ఇంటింటికీ తిరిగి అడిగి రాస్తున్నారని లీయా చెప్పింది. నాకు చెప్పొద్దని నువ్వు అన్నావట.

ఒక్క వరుస మాత్రం నిన్న రాసినట్టుంది. బాల్ పెన్ను. తలకట్టు పడుకుని ఉంది.

దాని గురించి ఇవాళ రాయను.

జూలై 28

ఇవాళ కూడా.

ఆగస్టు 2

1977, మార్చి. నా మొదటి బిడ్డ పంతొమ్మిది రోజులు బతికింది. లీయా తండ్రి నథానియేలు ఆ తర్వాత రెండేళ్లకు పుట్టాడు. ఆమె సంగతి వాడికి తెలుసు, లీయాకు తెలియదు.

కాన్పు తర్వాత నాకు జ్వరం. పగలేదో రాత్రేదో తెలియని జ్వరం. బిడ్డ పాలు పట్టడం లేదు. తొమ్మిదో రోజున ఇక ఆగకూడదని మా ఆయన అయ్యగారిని ఇంటికే పిలిపించాడు. బిడ్డను ఎత్తుకున్నది నువ్వు. పెళ్లయి ఆరు నెలలు, ఇరవై ఒక్క ఏళ్లు. పేరు నేను ముందే అనుకుని ఉన్నాను, అందరికీ చెప్పి ఉన్నాను. అయ్యగారు అడిగితే ఆ పేరు పలికింది నువ్వు. రిజిస్టరు వెంట తెచ్చారు. మా ఆయన చెయ్యి ఆడలేదట. నువ్వు రవికలోంచి మీ నాన్న ఆఫీసు బాల్ పెన్ను తీశావట. ఇవన్నీ నాకు ఎవరెవరో చెప్పినవి. నేను అదే గదిలో, అదే మంచం మీద ఉన్నాను.

మే నెలలో ఇంకెవరి బిడ్డ పేరో రాయడానికి రిజిస్టరు తెరిచాను. నా బిడ్డ పేరు, నీ రాత. తప్పు రాత. షె రాయాల్సిన చోట శె.

బ్లేడు తీసుకున్నాను, గీకేసి మళ్లీ రాద్దామని. ఎంత నొక్కి రాశావంటే గీకితే కాగితం పోతుంది. పేజీ తిప్పి వెనకవైపు వేలితో తడిమాను. అక్షరాలు తగిలాయి. అట్లాగే వదిలేశాను. కింది వరుస ఎంత అందంగా రాశానో ఇప్పటికీ గుర్తుంది. ఎవరి బిడ్డో గుర్తులేదు.

ప్రేమలా, నలభై ఎనిమిదేళ్లుగా నీ మీద నాకున్నది ఇదొక్కటే. నీ చేతి పప్పును పిల్లలు మెచ్చుకోవడం, లీయా, కమిటీ, ఇవన్నీ దాని మీద తొడిగిన మూతలు. నా బిడ్డను నేను ఎత్తుకోలేదు, పేరు పలకలేదు, రాయలేదు. మూడూ నువ్వు చేశావు. తప్పు జ్వరానిది. జ్వరం మీద ఎన్నేళ్లు అలుగుతాం? మనిషి కావాలి. నువ్వు వెనకింట్లోనే ఉన్నావు.

ఇంత రాసినా ఇక్కడ కూడా ఆ పేరు రాయలేదు. ఇప్పుడే చూశాను.

ఆగస్టు 9

లీయా వచ్చి మంచం మీద కూర్చుంది. సంచి కింద పెట్టింది, వింతగా.

"అవ్వా, డెబ్బై ఏడుల చిన్నవ్వ ఒక లైను రాస్తలేదు. జాగ ఇడిసింది. మంచిగనే కనవడ్తుంది గద అంటె, అది మీ అవ్వ రాయాలె అంటది. మన ఇంటి పేరే ఉంది. ఎవరది?"

చెప్పాను. పావు గంట కూడా పట్టలేదు. నలభై ఎనిమిదేళ్లు చెప్పకుండా దాచింది పావు గంట మాట. పిల్ల ఎడమచేత్తో నా కుడిచెయ్యి పట్టుకుంది.

తర్వాత నీ దగ్గరికి వచ్చాను. బజ్జీలు లేకుండా.

"ఎందుకు వదిలావు ఆ వరుస?"

"నీది గదా."

"అప్పుడు నాది కాదా?"

"అప్పుడు నువ్వు కండ్లు తెరుస్తలెవ్వు అక్కా. అయ్యగారు రిజిస్టర్ పట్కొని నిలవడ్డడు. బావగారు గోడకు ముఖం పెట్టిండు. ఎవరో ఒకరు రాయకుంటె, ఆ పొల్ల ఉండె అనేదే ఉండకపోవు."

నీతో వాదించడానికి నా దగ్గర ఇంకొక్కటే మిగిలింది.

"శె రాశావు. షె అది."

నువ్వు నవ్వలేదు. ఒళ్లో చెక్కను పక్కన పెట్టావు.

"నా నోటికి షె రాదక్కా, నీకెర్కనే. నీకు జ్వరముండె గద, ఆ దినాలన్ని నేనే సంకనేసుకొని తిరిగిన. శెకినా, శెకినా అంటె కండ్లు తిప్పి చూస్తుండె. ఇంకెవ్వరు పిలిచినా చూడకపోతుండె. అందుకనే అట్ల రాసిన. దాని పేరు అదే అనుకున్న."

అది చూసేదని నాకు ఎవరూ చెప్పలేదు. ఇంత కాలం తర్వాత కొత్త ఈర్ష్య ఒకటి దొరుకుతుందని అనుకోలేదు. ఆ చూపు కూడా నీకే ఇచ్చిందా? అనుకున్నాను. అనుకుని, మీ ఇంట్లో రెండు గ్లాసుల నీళ్లు తాగాను. నువ్వు మూడోది ముంచబోతే ఆపాను.

"నేను బాల్ పెన్ను పట్టను," అన్నాను.

"పట్టకు. జాగ అట్లనే ఉంటది. ఎవరన్న అడిగితె, అక్క వస్తది అని చెప్త."

పైన చూశావా, రాసేశాను ఆ పేరు. నీ నోట్లో పెట్టి.

ఆగస్టు 12

లీయా పెన్నుతో ఒక కాగితమంతా పాడుచేశాను. ఇది ఫౌంటెన్ పెన్ను కాదు, కాగితం మీద పెట్టగానే తనంతట సిరా రాదు. నొక్కాలి, నిలబెట్టి పట్టుకోవాలి. చెయ్యి వణికితే వణుకు కూడా రాస్తుంది. నా దస్తూరి చూసి నాకే మార్కులు వేయాలనిపించలేదు.

షె షె షె. శె. షె. శె శె.

బైబిలు నిఘంటువు షె అంటుంది. బిడ్డ శె అంటే చూసింది. ముప్పై ఒక్క ఏళ్లు ఎర్ర సిరాతో దిద్దినదాన్ని, ఇది దిద్దను. ఉన్నది ఉన్నట్టు దింపడం నకలు రాసేవాళ్ల ధర్మం అని అయ్యగారికి చెబుతాను. నీకు ఏం చెప్పాలో తెలియదు.

అయితే 'హేబ్సిబా కుమార్తె' అని రాసేటప్పుడు 'కు' మీద తలకట్టు మాత్రం నిలబెడతాను. అంతమాత్రం నాకు ఉంచు.

పెన్ను మధ్యలో మొరాయించింది. రీఫిల్ అయిపోయింది. మూడు రోజులు దాని కోసం నన్ను నేను ఒప్పించుకుంటే, అయిపోయింది.

ఆగస్టు 13

ఈ ఒక్క పేజీ చింపి లీయా చేత పంపుతున్నాను. ముందు పేజీలు నావి, అడగకు.

ప్రేమలా,

రేపు పప్పుల కోసం గాంధీ గంజ్‌కు పోతావట. దారిలో శివానంద్ స్టేషనరీ దుకాణంలో ఆగి రెండు రీఫిళ్లు తే. నీలం. రెండెందుకంటే, ఒకటే ఉంటే అది మొరాయించిందన్న మిష మీద వాయిదా వేస్తాను, నన్ను నేనెరుగుదును. సన్న మొన వద్దు, చెయ్యి వణుకుతోంది, లావు మొన అడుగు. నిగనిగలాడుతుందని జెల్‌ది చూపిస్తాడు, తీసుకోకు. నిగనిగకు ఒకసారి మోసపోయాను. సిరా గొట్టం నిండా ఉందో లేదో వెలుతురుకు ఎత్తి చూడు. కొత్త రిజిస్టరు, నీ రాతచెక్క రెండూ పట్టుకుని సాయంత్రం నాలుగింటికి నువ్వే రా. పెన్నుకు దారం కట్టి తేకు, పారిపోను.

దుకాణంలో గీసి చూపిస్తానంటాడు. గీయనివ్వకు. మొన మీది మైనపు చుక్క అట్లాగే ఉండాలి. అది నేను తీస్తాను.